కాయా, పండా, కూరా: కొండవీటి సీమ సాక్ష్యం

దసరా దగ్గర పడుతుండగా కొండవీటి కొండల నుంచి సీతాఫలాల బుట్టలు కిందికి దిగుతాయి. ఆ బుట్టలోంచి ఒక కాయ తీసి దగ్గరగా చూడండి. లేతగా ఉన్నప్పుడు దాని కళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ముదురాకుపచ్చగా ఉంటాయి. ముదిరేకొద్దీ కన్నుకూ కన్నుకూ మధ్య సందు విచ్చుకుని తెల్లటి చార కనిపిస్తుంది. కోసేవాళ్లు ఆ చార చూసే కోస్తారు. అప్పటికీ అది రాయిలాగే ఉంటుంది, నోట పెట్టలేం. గడ్డిలోనో గోనెసంచిలోనో రెండు మూడు రోజులు మగ్గబెడితే వేలితో నొక్కగానే దిగబడేంత మెత్తబడుతుంది. అప్పుడది పండు. ఇవాళే తినేవాళ్లు పండు ఏరుకుంటారు, దూరం తీసుకెళ్లేవాళ్లు కాయ ఏరుకుంటారు. చెట్టు ఒకటే, తిండి ఒకటే, పేర్లు మాత్రం రెండు. ఈ రెండు పేర్ల వెనక ఉన్న ఆలోచన చాలా పాతది, చాలా నిశితమైనది. టమాటా పండా కూరగాయా, వంకాయను పండనవచ్చా అని బడిపిల్లలను ఆశ్చర్యపరిచే ప్రశ్న మన భాషలో పుట్టింది కాదు. కొండవీటి సీమలో పంటలు మారిన చరిత్ర చూస్తే, ఆ ప్రశ్న ఎవరూ అడగకముందే తెలుగు రైతు దానికి జవాబు ఏర్పరచుకున్నాడని తెలుస్తుంది.

ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. 1883లో అమెరికా చేసిన సుంకాల చట్టం బయటి దేశాల కూరగాయల మీద నూటికి పది సుంకం వేసి, పండ్లను వదిలేసింది. 1886లో వెస్టిండీస్ నుంచి టమాటాలు తెప్పించుకున్న నిక్స్ అనే వర్తకుడి దగ్గర న్యూయార్క్ రేవు అధికారి హెడెన్ సుంకం వసూలు చేశాడు. టమాటా పండు కాబట్టి ఆ డబ్బు తిరిగివ్వాలని నిక్స్ దావా వేశాడు. 1893 మే 10న అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వృక్షశాస్త్రం ప్రకారం టమాటా ఫలమే, కానీ జనం దాన్ని చేపతోనూ మాంసంతోనూ కలిపి తింటారు తప్ప భోజనం ముగిశాక తీపి పదార్థంలా తినరు, కనుక అది కూరగాయేనని జస్టిస్ గ్రే రాశాడు. మన దేశంలోనూ ఇలాంటి వివాదాలు వచ్చాయి. తమలపాకు కూరగాయ కాదని మన సుప్రీంకోర్టు 1961లో అమ్మకపు పన్ను కేసులో తేల్చింది, తర్వాత చెరకు గురించీ అదే మాట చెప్పింది. ఈ కేసులన్నిటికీ మూలం పన్ను. యూరప్‌లో జామ్ తయారీకి 2001లో రాసుకున్న నిబంధనల్లో క్యారెట్‌ను, చిలగడదుంపను పండ్ల కింద లెక్కగట్టడమూ సరుకు అమ్ముకునే సౌకర్యం కోసమే. చట్టానికి ఒక గీత కావాలి, అటో ఇటో తేలాలి. ఆ అమెరికా చట్టంలో మాత్రం ఒక మాట శ్రద్ధగా చూడదగ్గది. సుంకం లేని పండ్లను పేర్కొంటూ పచ్చివైనా, పండినవైనా, ఎండినవైనా అని రాశారు. అంటే ఇంగ్లీషుకు కూడా ఆ తేడా కావలసి వచ్చింది. ఒక్క మాటలో చెప్పే వీలు లేక మూడు విశేషణాలు తగిలించుకుంది.

తెలుగులో ఆ పని మాటలే చేస్తాయి. పూత, పిందె, కాయ, పండు. చెట్టు మీద జరిగేదాన్ని వరసగా చూసినవాళ్లు పెట్టిన పేర్లివి. కాయ అనేది కాచు అనే క్రియకు దగ్గరి చుట్టం. పండు అయితే నామమూ అదే, క్రియా అదే. వరి పండుతుంది, గోరింటాకు పండుతుంది, నోము పండుతుంది, తల కూడా పండుతుంది. పండడమంటే ఒక పని నిండుగా ముగియడం, అందులో తీపి తప్పనిసరి కాదు. నోరు పులిసిపోయే చింతపండును పండనే అంటాం, దాన్ని పళ్లెంలో పెట్టి అతిథికి మాత్రం ఇవ్వం. కూర అనేది వేరే లెక్క. తోటకూర, చుక్కకూర, బచ్చలికూర, గుంటూరు వాళ్ల గోంగూర, వీటన్నిటిలో కూర అంటే వండుకునే ఆకు. అదే మాట వండిన పదార్థానికీ పేరైంది. కాయల్లో వండుకునేవి కూరగాయలయ్యాయి. కాబట్టి మన లెక్కలో కొలతలు రెండు. చెట్టు మీద దాని ఈడేమిటన్నది ఒకటి, వంటింట్లో దాని పనేమిటన్నది ఇంకొకటి. సీతాఫలం కాయ కాయే, కానీ కూరగాయ కాదు. అరటికాయ కూరకు వెళ్తుంది, అదే గెల మగ్గితే తాంబూలంలోకి వెళ్తుంది. పనసపొట్టు కూర, పనసతొన పండు. మామిడి పిందెగా ఉండగా ఊరగాయలోకీ, కాయగా పప్పులోకీ, పండుగా చేతిలోకీ వస్తుంది. దొండకాయను వేపుడు చేసుకునే మనమే కాకి ముక్కుకు దొండపండు అని సామెత చెప్పుకుంటాం. కూరగాయ పండై ఎర్రబడిందని చెప్పడానికి భాషకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఫ్రూట్ అన్న ఒక్క మాట ఈ రెండు కొలతలనూ కలిపేయడం వల్లే అక్కడ కోర్టు దాకా పోవలసి వచ్చింది.

ఇది నిఘంటువు ముందు పెట్టుకుని చేసే వాదనే అయితే దానికి పెద్ద బలం ఉండదు. దీనికి పరీక్ష చరిత్రలో జరిగింది. 1325లో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం స్థాపించాడు, అతని కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. 1424 దాకా సాగిన ఆ రాజ్యం సముద్ర వ్యాపారం మీద శ్రద్ధ పెట్టింది. 1358లో అనవోతారెడ్డి మోటుపల్లి రేవులో శాసనం వేయించి, ఓడల మీద వచ్చే వర్తకులకు సుంకాల్లో సడలింపులు ఇచ్చాడు. అతని తర్వాతి తరంలో కుమారగిరిరెడ్డి చేసిన వసంతోత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చింది అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఆ కావ్యం పీఠికలో సింహళం ఏనుగులూ, హురుముంజి గుర్రాలూ, కర్పూరమూ, కస్తూరీ, చీనా పట్టూ ఓడలెక్కి వస్తాయి. ఇంత దూరం నుంచి ఇన్ని సరుకులు వచ్చిన ఆ కాలంలో కొండవీటి వంటింట్లో మిరపకాయ లేదు. టమాటా లేదు, బంగాళాదుంప లేదు, వేరుశనగ లేదు, బొప్పాయి లేదు, జామ లేదు. ఇవన్నీ అమెరికా ఖండాల మొక్కలు, కొలంబస్ 1492లో అటు వెళ్లాకే మిగతా ప్రపంచానికి తెలిశాయి. పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు తిన్న కూరలో కారం మిరియాలదే. పల్నాటి జొన్న తిండి మీద ఆయన పేర చలామణి అయ్యే చాటువుల్లో ఎన్ని ఇబ్బందులు కనిపించినా, ఎర్రటి కారం మాత్రం కనిపించదు.

కొండవీటికే పేరు తెచ్చిన సీతాఫలమూ ఆ కొండల మీద అప్పుడు లేదనే నా అభిప్రాయం. దీనికి ఎదురు వాదన ఉంది. భర్హుత్ స్తూపం శిల్పాల్లో సీతాఫలం కనిపిస్తోందని పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ 19వ శతాబ్దంలో రాశాడు, ఆ వాదాన్ని సమర్థించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ రాతిలో చెక్కిన గుండ్రటి గరుకు ఆకారం తామరమొగ్గైనా కావచ్చు, పనసకాయైనా కావచ్చు. ఆ జాతి చెట్లకు పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలమేనని వృక్షశాస్త్రం చెబుతోంది, పోర్చుగీసు ఓడలు 16వ శతాబ్దంలో మొక్కలను ఇటూ అటూ మోశాయని చరిత్ర చెబుతోంది. నాకు ఈ సాక్ష్యమే బలంగా కనిపిస్తోంది. అయినా ఆ పండు సీత పేరు పెట్టుకుని, దాని చుట్టాలు రామాఫలం, లక్ష్మణఫలం అయి ఇంట్లో మనుషుల్లా కలిసిపోయాయి. పరాయి మొక్కను సొంతం చేసుకునే నేర్పు ఈ నేలకు ఎంత ఉందో ఆ పేర్లే చెబుతాయి.

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. రెడ్ల రాజ్యం పోయి, గజపతులూ కృష్ణదేవరాయలూ గోల్కొండ సుల్తానులూ వరసగా కొండవీటిని ఏలుతుండగా, ఎన్నడూ చూడని మొక్కలు ఒక్కొక్కటే చేలల్లోకి వచ్చాయి. వాటిని ఏ గుంపులో చేర్చాలో చెప్పడానికి పండితులు లేరు, చట్టం లేదు. పేరు పెట్టింది రైతులూ, వండుకునే ఆడవాళ్లూ, సంతలో అమ్ముకునేవాళ్లూ. మిరియంలా మంట పుట్టించేదాన్ని మిరప అన్నారు, పూవు రాలి కాసింది కాబట్టి మిరపకాయ అన్నారు. ఎర్రబడ్డాక పండుమిరపకాయ, ఆరబెట్టాక ఎండుమిరపకాయ. జీడిలా చర్మాన్ని కాల్చే గింజా, మామిడిలాంటి చెట్టూ కనిపిస్తే జీడిమామిడి అన్నారు. నా వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్షి వేరుశనగ. అది నేల లోపల దొరుకుతుంది, పేరులోనే వేరు ఉంది. పైపైన చూసేవాళ్లెవరైనా దాన్ని దుంపల్లో కలిపేస్తారు. తెలుగు రైతు అలా చేయలేదు. మొక్క మొదట్లో పసుప్పచ్చటి పూత పూయడం, పూత వాడాక దాని అడుగు నుంచి ఊడ దిగడం, ఆ ఊడ కొస మట్టిలోకి దూరి అక్కడ ఉబ్బడం చూశాడు. పువ్వు నుంచి వచ్చింది కనుక శనక్కాయ అన్నాడు. అదే మట్టిలోంచి, ఇంచుమించు అంత దూరం నుంచే వచ్చిన బంగాళాదుంపను మాత్రం దుంప అన్నాడు, కొన్నిచోట్ల గడ్డ అన్నాడు. దానికి ఎక్కడా కాయ చేర్చలేదు. రెండూ నేలలోనే ఊరినా ఒకటి పూతకు పుట్టిందనీ, రెండోది కాండం లావెక్కినదనీ వేరు చేసి చూపడానికి బడిలో వృక్షశాస్త్రం పాఠం కావాలి. ఇక్కడ భాష ఆ పని ముందే చేసి పెట్టింది.

టమాటా ఆలస్యంగా వచ్చింది. గోదావరి నుంచి ఉత్తరాంధ్ర దాకా దాన్ని రామములగ అన్నారు, రాయలసీమలో తమిళం పక్కనున్న ఊళ్లు తక్కాళి అన్నాయి, తర్వాత ఇంగ్లీషు పేరే స్థిరపడింది. పచ్చిది పచ్చడికి, పండినది పప్పుకూ చారుకూ. పచ్చి టమాటా, పండు టమాటా అని బజారులో అడిగేవాళ్లకు అది ఏ జాతి అన్న సందేహం ఎన్నడూ రాలేదు. ఈ కొత్త సరుకులు మన వంటింట్లోకి వచ్చిన క్రమానికి ఇంకో సాక్ష్యం తద్దినం వంట. నిష్ఠగా పెట్టే ఇళ్లల్లో ఆ రోజు టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ, క్యారెట్ వాడరు. మిరపకాయ బదులు మిరియాలు వేస్తారు. అరటికాయ, కాకరకాయ, కంద, చేమ, మినుములు, నువ్వులు, ఇవే ఆ రోజు దినుసులు. పెద్దలు తిననిది పెద్దలకు పెట్టకూడదన్న ఆచారం పాత వంటను అలా భద్రపరిచింది. రెడ్డిరాజుల నాటి వంటిల్లు ఎలా ఉండేదో ఊహించాలంటే ఆ విస్తరిని మించిన ఆధారం మనకు చాలా తక్కువ. ఆ విస్తరిలో కూడా కాయలు ఒక వరస, దుంపలు ఒక వరస, చివర అరటిపండు. కొత్తవి వచ్చాక వరసలు మారలేదు, ఉన్న వరసల్లోనే అవి సర్దుకున్నాయి.

దీనికి ఎదురు చెప్పగలిగిన మాటలు ఉన్నాయి, వాటిని దాటేయడం న్యాయం కాదు. పుచ్చకాయ పూర్తిగా పండాకే, తీపి కోసమే తింటాం. మరి దాన్ని పండు అనమేం? కొబ్బరికాయ కూడా ఎన్నటికీ పండు కాదు. నాకు తోచిన సమాధానం ఇది. పండు అనే మాట కంటికీ వేలికీ తెలిసే మార్పును అడుగుతుంది. రంగు తిరగాలి, తోలు మెత్తబడాలి, వాసన రావాలి. పుచ్చకాయ లోపల ఎర్రబడినా పైన అదే ఆకుపచ్చ, అదే గట్టితనం. తట్టి చూసి చప్పుడు విని కొనుక్కోవాలి. కొబ్బరికి మెత్తబడే దశే లేదు. ములక్కాడ సంగతి వేరు, అది కాయే అయినా ఆకారం చూసి కాడ అన్నారు, మునక్కాయ అనే పేరు కూడా పక్కనే బతికి ఉంది. కొన్నిచోట్ల మాత్రం మన లెక్క నిజంగా తప్పింది, ఒప్పుకోవాలి. జీడిమామిడి పండు అని మనం తినేది ఉబ్బిన తొడిమ, కింద వేలాడే పిక్కే అసలు కాయ. మేడికి పూత కనబడదు కాబట్టి పువ్వు లేకుండానే కాస్తుందనుకున్నారు, దాని పువ్వులన్నీ కాయ లోపలే ఉంటాయని చీల్చి సూక్ష్మంగా చూస్తే గానీ తెలియదు. కంటితో చూసి ఏర్పరచుకున్న పద్ధతి కంటికి కనబడనిచోట తడబడింది. ఇందులో ఆశ్చర్యం లేదు. అది తడబడినచోట్లు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే ఉండటం నాకు గొప్పగా తోస్తుంది.

ఇంటి వాడుకను శాస్త్రంతో పోల్చడమేమిటని మరో ఆక్షేపణ రావచ్చు. శాస్త్రం చెప్పే ఫలానికి నిర్వచనం చూద్దాం. పువ్వులోని అండాశయం ఎదిగి, గింజలను లోపల పెట్టుకుంటే అది ఫలం. వంకాయ, బెండకాయ, చిక్కుడుకాయ, కందికాయ, ఆముదపు కాయ, పల్నాటి నల్లరేగడిలో పగిలే పత్తికాయ, ఇవన్నీ ఆ నిర్వచనానికి లోబడతాయి. వీటిలో కొన్ని తినేవి కూడా కావు. ఇంగ్లీషు వాడుకలో వీటికి తలా ఒక పేరు ఉంది, అన్నిటినీ కలిపే మామూలు మాట లేదు. తెలుగులో అన్నిటికీ చివర కాయ ఉంది. ఆ కాయను ఫలంతో పోలిస్తే శాస్త్రానికీ వాడుకకూ మధ్య పెద్ద తగాదా మిగలదు. తగాదా పుట్టింది అనువాదంలో. ఫ్రూట్‌కు పండు అనీ, వెజిటబుల్‌కు కూరగాయ అనీ పాఠాలు రాసుకున్నాక, వంకాయ పండు అని పిల్లలకు చెప్పవలసి వచ్చింది. ఆకుకూరలు, కాయగూరలు, దుంపలు అని మూడుగా ఉన్న లెక్క ఒక్క కూరగాయల కింద కలిసిపోయి, క్యారెట్‌కూ కాయ తోక వచ్చింది. సంస్కృతంలో ఫలమంటే కాయకూ పండుకూ ఒకటే మాట. మనం ఫలాహారాన్ని పలహారం చేసుకుని దాని కింద ఇడ్లీ, ఉప్మా తింటున్నాం కాబట్టి ఆ మాట కూడా పిల్లలకు సూటిగా తగలదు. కాయ అయితే తగులుతుంది.

పన్నుల లెక్కలు ఈ సీమను కూడా వదల్లేదు. జీఎస్టీ కింద పచ్చిమిర్చి కూరగాయల్లో చేరి పన్ను తప్పించుకుంది, అదే కాయ ఎండితే సుగంధ ద్రవ్యమై నూటికి ఐదు కడుతోంది. ఎండుమిర్చి కోసం స్పైసెస్ బోర్డు పెట్టిన పార్కు కొండవీటి కిందనే, యడ్లపాడు మండలంలో ఉంది. ఆ ఊరి పేరు వంకాయలపాడు. చట్టం ఒక కాయను రెండు శాఖల్లో రాసుకుంటే రాసుకోనివ్వండి, దానికి దాని అవసరం ఉంది. పాఠ్యపుస్తకాలు రాసేవారికీ, పాఠం చెప్పే టీచర్లకూ మాత్రం ఒక విన్నపం. వంకాయ పండు అని చెప్పి పిల్లలను తికమక పెట్టకండి. సంక్రాంతి రోజుల్లో ఈ పల్లెల్లో ఏ మిరపచేలోకైనా వాళ్లను తీసుకెళ్లండి. ఒకే మొక్క మీద తెల్లటి పూత, గోరంత పిందె, ఆకుపచ్చ కాయ, ఎర్రటి పండు ఒక్కసారే కనిపిస్తాయి.